తండ్రుల వ్యాధి, పిల్లల భయము



పుల్లని ద్రాక్షకాయల సామెతను ఇకమీదట పలుకవద్దని యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడే చెప్పించాడు. అయినను ఒక ఇంట ఇద్దరు ముగ్గురు క్యాన్సరుతో పోతే "ఆ ఇంటికేదో శాపమున్నది" అనే మాట మన సంఘములలో నేటికీ వింటున్నాము. సంబంధము చూడవచ్చినవారు ఆ మాటకే లేచిపోతారు. అందుచేత ఆ ఇంటివారు వ్యాధి పేరే దాచిపెడతారు. ఈ దాచుటయే ప్రాణము తీయుచున్నది.

1895లో అమెరికాలోని మిషిగన్‌లో, వార్తిన్ అనే వైద్యుని ఇంట కుట్టుపని చేసే స్త్రీ, తనవారివలె తానును క్యాన్సరుతోనే చనిపోతానని ఆయనతో చెప్పినది. అట్లే చనిపోయినది. ఆయన ఆమె మాటను త్రోసివేయక, ఆ వంశ చరిత్రను 1913లో ప్రచురించాడు. తరువాత ఒమహా పట్టణములో డాక్టర్ హెన్రీ లించ్ ఇటువంటి కుటుంబముల వివరములు సేకరించి 1966లో ప్రకటించాడు. చాలాకాలము తోటివారే నమ్మలేదు. 1993లో మొదటి జన్యువు దొరికినది. ఇప్పుడు దానిని లించ్ సిండ్రోమ్ అంటున్నారు.

ఇది శాపము కాదు. కణము విభజన చెందునప్పుడు నకలులో పడిన తప్పులను దిద్దే జన్యువు పాడైపోవుట. కాపీలు దిద్దే ఉపాధ్యాయుడు బడికి రానట్లన్న మాట! తల్లికిగాని తండ్రికిగాని ఇది ఉంటే, కొడుకైనా కూతురైనా ఒక్కొక్కరికి వచ్చుటకు సగము అవకాశమున్నది. రాకపోవుటకును సగమున్నది.

పేగుల వైద్యుడు చేసే పని చిన్నదిగానే కనబడుతుంది. దీపమున్న సన్నని గొట్టముతో పెద్దపేగు లోపల చూసి, బుడిపె కనబడితే క్యాన్సరు కాకముందే కత్తిరించి తీస్తాడు. ఫిన్లాండులో 15 సంవత్సరములు ఇట్టి కుటుంబములను గమనించి 2000లో ఫలితము ప్రకటించారు. మూడేండ్లకొకసారి పరీక్ష చేయించుకొన్న 133 మందిలో 8 మందికే ఈ క్యాన్సరు వచ్చినది, దానివలన ఒక్కరును చనిపోలేదు. చేయించుకొనని 119 మందిలో 19 మందికి వచ్చినది, 9 మంది పోయారు. అపాయము ఎక్కువగానున్న జన్యువులవారికి 20-25 ఏండ్లనుండే, ఏడాదికో రెండేండ్లకో ఈ పరీక్ష కావలెనని నేడు వైద్యులు చెప్పుచున్నారు. ఇట్టి ఇండ్లలో స్త్రీలకు గర్భసంచి క్యాన్సరు అపాయమును ఉన్నది.

ప్రార్థన చాలును, పరీక్ష అవిశ్వాసమనే వారున్నారు. పౌలు లూకాను వైద్యుడనే పిలిచాడు. వృత్తి మానుకొమ్మన్నట్లు ఎక్కడా లేదు.

మనము బ్రతుకుతెరువు కొరకు కోలారు, బరంపురం, షోలాపూరు అని చెదరినవారము. పెదనాన్న ఒక ఊరిలో, మేనత్త మరొక ఊరిలో "కడుపు జబ్బు"తో పోతే మూడవ ఊరిలోని బిడ్డకు తెలియదు. మన పెద్దలు కుటుంబ బైబిలు మొదటి పేజీలో పుట్టినరోజులు, పెండ్లిళ్లు వ్రాసేవారు. అక్కడనే ఎవరు, ఏ వయస్సున, ఏ వ్యాధితో ప్రభువునందు నిద్రించిరో వ్రాయండి. ముఖ్యముగా యాబది దాటకముందు పెద్దపేగు క్యాన్సరు వచ్చినవారుంటే ఆ కాగితము నకలు బంధువులందరికి పంపి, వైద్యునికి చూపించండి.