కాయకమును ఔషధమును

కమ్మరికి కొలిమితిత్తి యెట్టిదో, సాలెవానికి మగ్గమెట్టిదో, కాయకము చేయు ప్రతివానికిని దేహమును మనస్సును అట్టివి. పనిముట్టు చెడినప్పుడు దానిని బాగుచేసికొనుట పనిని విడుచుట కాదు, పనిలో నొక భాగమే. ఈ మాటను కాదనువారు లేరు. కాని చెడినది మనస్సైనప్పుడు, దానిని బాగుచేయు మందే బ్రతుకుతెరువునకు ముప్పు తెచ్చునేమోయను భయము కలిగినప్పుడు, ధర్మమేది?

తిరువూరు డిపోనుండి తెల్లవారుజామున విజయవాడకు బస్సు నడుపు ఒక డ్రైవరును ఊహింపవచ్చును. కొన్ని వారములు అతనికి నిద్రయే పట్టదు. అయినను అలసట లేదు. మాట ఆగదు, చేతిలో లేని ధనమును వ్యయము చేయును, తన్ను మించినవాడు లేడని తలచును. పిదప కొన్ని నెలలు మంచము దిగలేని విషాదము. వైద్యులు దీనిని బైపోలార్ వ్యాధి యందురు; తెలుగున ద్విధ్రువ రుగ్మత యనుచున్నారు. వైద్యుడు లిథియము బిళ్ళలు వ్రాసియిచ్చెను. అలజడి అణగినది, కాని చేయి సన్నగా వణకుచున్నది. డిపోలో తెలిసినచో స్టీరింగు పోవును, ఊరిలో తెలిసినచో పిచ్చివాడందురు, కుమార్తెకు వచ్చిన సంబంధము తప్పిపోవును. కావున మందు మానివేయుదునా యని అతడు రాత్రియంతయు ఆలోచించుచున్నాడు.

ముందుగా ఆ మందును గూర్చి తెలిసికొనవలెను. లిథియము ఒక లవణము. ఉన్మాదస్థితిలో అది పనిచేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించెను. నేటికిని ఈ వ్యాధికి అది ప్రధానౌషధములలో నొకటి. మేలుచేయు మోతాదునకును కీడుచేయు మోతాదునకును నడుమనున్న దూరము స్వల్పము. సాధారణముగా లీటరు రక్తములో 0.6 మొదలు 1.0 మిల్లీమోలు వరకు ఉండునట్లు వైద్యులు చూతురు, 1.5 దాటినచో విషలక్షణములు పొడసూపవచ్చును. అందుచేతనే రక్తపరీక్షలు, మూత్రపిండముల పరీక్ష, థైరాయిడు పరీక్ష అవసరములు. మామిడికోతల కాలపు ఎండలో చెమట విపరీతముగా పోసి నీరు తగ్గినను, పథ్యము పేరిట ఉప్పు ఒక్కసారిగా మానినను, కీళ్ళనొప్పికి ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు అడుగకయే మ్రింగినను రక్తములో లిథియము పెరుగును. చేయి వణకుచున్నదని, మగతగా నున్నదని వైద్యునికి చెప్పినచో అతడు మోతాదు తగ్గించును, లేదా వేరు మందు చూచును. చెప్పక హఠాత్తుగా మానినచో వ్యాధి మునుపటికంటె బలముగా తిరుగబెట్టవచ్చును. ప్రాణము తీసికొనవలెనను తలపు కూడ రావచ్చును.

కావున మందు మానినవాడు ఉద్యోగమును కాపాడుకొనలేదు. దానిని జూదమున పెట్టినాడు. ఆ పణములో అతని ఉద్యోగమే గాక వెనుక కూర్చున్న ఏబదిమంది ప్రాణములును చేరినవి. శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. పడవకు చిల్లిపడినదని ఎరిగియు, రేవులో నలుగురు నవ్వుదురని దానిని పూడ్చక జనులను ఎక్కించుకొనువానిని ఎవ్వరును మంచి పడవవాడనరు.

ఇక సత్యమును గూర్చి. శరణమార్గమున అసత్యమునకు చోటులేదు. అయినంతమాత్రమున ప్రతివాడును తన వ్యాధిని చావడిలో చాటవలెనా? అవసరము లేదు. వ్యాధి వేరు, దానివలన ఇతరులకు కలుగగల అపాయము వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి వివరములను గోప్యముగా నుంచు హక్కు నిచ్చినది. గుమాస్తాయు, ఉపాధ్యాయుడును, నేతగాడును తమ పని సక్రమముగా చేయుచుండగా మందు పేరు ఎవ్వరికిని చెప్పనక్కరలేదు. డ్రైవరు మాట వేరు. తన అస్వస్థతవలన జనులకు అపాయమని ఎరిగియు వాహనము నడుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నేరము. చేయి వణకునాడు, కన్ను మూతపడునాడు అతడు చక్రము పట్టరాదు. తగుదునా యని వైద్యుని అడిగియే మరల పట్టవలెను.

అట్లు నిజము చెప్పినవాని పిల్లలు పస్తుండవలెనా? ఇచ్చటనే ఈ ప్రశ్న బరువంతయు నున్నది. 1995 నాటి చట్టమును, దాని స్థానమున వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమును దీనికి జవాబు చెప్పినవి. ప్రభుత్వ సంస్థలో పనిచేయుచు వైకల్యము పొందినవానిని తొలగింపరాదు, స్థాయి తగ్గింపరాదు. పాత పనికి తగనిచో అదే వేతనముతో వేరు పని ఈయవలెను. మానసిక రుగ్మతయు ఆ చట్టములోని వైకల్యములలో నొకటి. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుండి ప్రభుత్వోద్యోగులైరి. వర్ణాంధత్వముచే ఉద్యోగము కోల్పోయిన ఒక ఆర్టీసీ డ్రైవరునకు వేరు పని ఈయవలెనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ సంస్థను ఆదేశించెను. బైపోలార్ వ్యాధిగల అభ్యర్థి న్యాయాధికారి పదవికి అనర్హుడు కాడని 2020లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పెను. కాని ప్రైవేటు లారీ తోలువానికి, ప్రైవేటు బడిలో పాఠము చెప్పువానికి ఇంత బలమైన రక్షణ లేదు.

చట్టము చేయి చాపలేనిచోట దాసోహము చేయి చాపవలెను. దాసోహమనగా పంక్తిలో అన్నము వడ్డించుట మాత్రమే కాదు. చక్రము దిగిన డ్రైవరునకు కోలుకొనువరకు దుకాణములోనో, లెక్కలలోనో ఒక పని చూపుట దాసోహము. అతని కుమార్తెను కోడలిగా తెచ్చుకొనుటకు జంకకుండుట దాసోహము. విభూతి కోరి మఠమునకు వచ్చినవానికి విభూతి నిచ్చి, మందు మానవలదని స్వాములు చెప్పుట గొప్ప దాసోహము. గ్రహపాటని, గాలి సోకినదని చెప్పి నెలలు గడపుట రోగికి అపకారము. 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ వారు రేయింబవళ్ళు ఉచితముగా సలహా చెప్పుదురు, తెలుగులోను మాటలాడుదురు.

ఒకడు తన వ్యాధిని దాచి చక్రము పట్టినచో ఆ తప్పు అతనిదే. కాని చెప్పినచో తరిమివేయుదురను భయమును అతని యెదలో నాటినవారికిని అందులో పాలు కలదు. సత్యము చెప్పుమని కోరు సమాజము, సత్యము చెప్పినవానికి నిలువ నీడను ముందుగా సిద్ధపరుపవలెను. అప్పుడు ఆ డ్రైవరు రాత్రి భోజనానంతరము తలుపు మూసికొనకయే, ఇంటిల్లిపాదియు చూచుచుండగా, తన బిళ్ళ వేసికొని నిద్రింపగలడు.