వదిలిన బాణానికి స్టీరింగ్

కిలో బరువున్న ఒక రిమోట్ కారు. దాని వెనక బొటనవేలంత లావున్న మోడల్ రాకెట్ మోటారు. హాబీ లెక్కల్లో ‘సి’ తరగతి మోటారు మొత్తం మీద ఇచ్చే తోపు గరిష్ఠంగా 10 న్యూటన్-సెకన్లు. గాలినీ రాపిడినీ పక్కన పెడితే ఆ కారు రెండు సెకన్లకు అటూఇటూగా గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బరువు సగానికి తగ్గిస్తే వేగం రెట్టింపు. ఇంతవరకూ హైస్కూలు భౌతికశాస్త్రమే. ఆ తరవాత ఎదురయ్యే ప్రశ్న మీద మాత్రం వేదాంతులు ఎప్పటినుంచో వాదించుకుంటున్నారు: ఒకసారి నిప్పంటుకున్నాక మనిషి చేతిలో మిగిలేది ఎంత?

ఘన ఇంధనంలో మండే పదార్థమూ, దాన్ని మండించే ఆక్సిజనూ ఒకే ముద్దలో ఉంటాయి. గాలి అందకుండా మూసి ఆర్పేద్దామంటే కుదరదు. దీపావళి తారాజువ్వ సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. మామూలు బ్యాటరీ కారులో సిగ్నల్ తెగిపోతే ‘ఫెయిల్‌సేఫ్’ అనే ఏర్పాటు మోటారును ఆపేస్తుంది. రాకెట్ మోటారు ఎవరి మాటా వినదు. రిమోట్‌లో వేగం పెంచే మీట ఉత్తదైపోతుంది, స్టీరింగ్ ఒక్కటే పనిచేస్తుంది.

అదీ అంతంతమాత్రమే. మోటారును కారు గరిమనాభి కంటే కింద బిగిస్తే ముక్కు పైకి లేచి, ముందు చక్రాలకు నేల పట్టు తప్పుతుంది. మరీ పైన బిగిస్తే ముక్కు నేలకు కొట్టుకుంటుంది. ఎత్తు సరిగ్గా కుదిరినా, కంటికి కనిపించింది చేతికి చేరేలోపు పావు సెకను గడుస్తుంది. ఆపాటికి కారు రెండున్నర మీటర్లు దాటిపోయి ఉంటుంది.

1928లో జర్మనీలో ఈ ప్రయోగం నిజం కారుతోనే జరిగింది. కార్ల కంపెనీ కుటుంబానికి చెందిన ఫ్రిట్జ్ ఫాన్ ఓపెల్, రాకెట్ల ప్రచారకుడు మాక్స్ వాలియర్, ప్రమాదంలో ఉన్న ఓడలకు తాళ్లు విసిరే రాకెట్లు తయారుచేసే ఫ్రీడ్రిష్ జాండర్ చేతులు కలిపారు. మే 23న బెర్లిన్‌లోని ఆవుస్ ట్రాక్ మీద, 24 మందు రాకెట్లు బిగించిన ‘రాక్ 2’ను ఓపెల్ స్వయంగా నడిపాడు. వేగం గంటకు 230 కిలోమీటర్లు దాటింది. కారు నేల విడవకుండా రెండు పక్కలా దాన్ని కిందికి అదిమే రెక్కలు పెట్టారు. పెడల్ తొక్కి రాకెట్లు అంటించడం వరకే ఓపెల్‌ కాలికి అధికారం. అంటుకున్నదాన్ని ఆర్పే పెడల్ లేదు.

వేదాంత పాఠాల్లో కర్మను వివరించేటప్పుడు విలుకాడి పోలిక తప్పకుండా వస్తుంది. అమ్ములపొదిలో ఉన్నవి సంచితం, చేతిలో ఎక్కుపెట్టినది ఆగామి, వింటి నుంచి వెళ్లిపోయినది ప్రారబ్ధం. ఛాందోగ్య ఉపనిషత్తు భాష్యంలో శంకరాచార్యులు ఈ బాణాన్ని ప్రస్తావించారు. బ్రహ్మసూత్ర భాష్యంలో ఆ పనికే కుమ్మరి చక్రాన్ని వాడుకున్నారు. జ్ఞానం కలిగిన వెంటనే శరీరం ఎందుకు రాలిపోదన్నది ఆయన తీర్చదలచుకున్న చిక్కు. ఎక్కిన వేగం తీరేదాకా బాణం పోతూనే ఉంటుంది, దేహమూ అంతే.

ఆ సమాధానం ఆ ప్రశ్నకు సరిపోతుంది. చిక్కల్లా దాన్ని తెచ్చి వేరే ప్రశ్నకు తగిలించినప్పుడే. జరగరానిది జరిగాక “అంతా ప్రారబ్ధం, మన చేతుల్లో ఏముంది” అనేస్తారు. బాణం చేయి దాటిందన్నది నిజమే, కానీ చేయి దాటే బాణాన్ని ఎంచుకున్నదెవరు? యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పేదీ ఇదే దారిలో ఉంటుంది: దైవమని వేరే ఏదో లేదు, మనిషి ఇదివరకు చేసిన ప్రయత్నమే ఆ పేరుతో తిరిగి ఎదురవుతుంది.

మహాభారతం సౌప్తిక పర్వంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అశ్వత్థామ ఒక గడ్డిపోచను మంత్రించి బ్రహ్మశిరోస్త్రం వదిలాడు. అర్జునుడు ఎదురు అస్త్రం వేశాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడితే అర్జునుడు తనదాన్ని వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకు ఉపసంహరించే శక్తి లేదు. అయినా గురి మార్చే శక్తి ఉంది. దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. ఆపలేకపోవడం అతని నిస్సహాయత అనుకున్నా, ఉత్తర కడుపులోని పసికందు వైపు తిప్పడం నిస్సహాయత కాదు. ఆపలేని అస్త్రాన్ని ఎత్తడమూ కాదు.

ఇంజనీర్లు ఈ తేడాను యంత్రంలోనే ఇమిడ్చారు. మన జీఎస్ఎల్వీ రాకెట్‌లో నడిమి మొదటి దశ ఘన ఇంధనంతో పనిచేస్తుంది, దాని చుట్టూ ఉండే నాలుగు బూస్టర్లు ద్రవ ఇంధనంతో. ద్రవ ఇంజన్లకు ఇంధనం కట్టేస్తే ఆగుతాయి కనుక ముందు వాటిని వెలిగిస్తారు. అవి సరిగా పనిచేస్తున్నాయని కంప్యూటర్లు తేల్చుకున్నాకే ఘన దశకు నిప్పు. 2001 మార్చి 28న శ్రీహరికోటలో తొలి జీఎస్ఎల్వీ ప్రయోగంలో ఒక బూస్టరు తగినంత తోపు ఇవ్వలేదు. కంప్యూటర్లు మిగతావాటినీ ఆపేశాయి. ఘన దశ ఇంకా అంటుకోలేదు కాబట్టి రాకెట్ ప్యాడ్ మీదే నిలిచింది, ఏప్రిల్ 18న అదే ఎగిరింది. ఆ వరసను తిరగేసి ఉంటే ఆ రోజు ఆపడానికి దారే ఉండేది కాదు.

అలాగని వాల్వు ఉన్నంత మాత్రాన అంతా క్షేమమనీ కాదు. వాలియర్ తరవాత ద్రవ ఇంధనం వైపు మళ్లాడు. 1930 మే 17న బెర్లిన్‌లో పరీక్షిస్తుండగా ఇంజను పేలి చనిపోయాడు. వెనక్కి తీసుకోగల అస్త్రానికి అర్జునుడి వంటి నిష్ఠ కావాలని భారతం అనడంలో అర్థం లేకపోలేదు.

ఇక బొమ్మ కారు తయారుచేసేవాడికి తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి. ఇంట్లో మందు కలపడం ప్రాణం మీదికి తెస్తుంది, లైసెన్సు లేకుండా చేస్తే నేరం కూడా. కొన్న మోటారు పెట్టినా చిక్కే: అమెరికాలో మోడల్ రాకెట్ల సంఘం పాటించే భద్రతా నియమావళి, రాకెట్‌ను నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలకు మించి వంచవద్దంటుంది. నేల మీద పరుగెత్తే కారు ఆ నియమావళికి బయటిదే. కాబట్టి కారు పక్కకు పోకుండా దారి పొడవునా తీగ బిగించాలా, ఎదుట ఇసుక బస్తాలు పేర్చాలా, పిల్లల్ని ఎంత దూరాన నిలబెట్టాలి, లేదా వేగం తగ్గినా సరే వాల్వుతో కట్టేయగల గ్యాస్ సీసాకు మారాలా అన్నవి తనే నిర్ణయించుకోవాలి. వీటిలో ఒక్కటి వదిలేసినా, కారు ఎవరి కాలికో తగిలినప్పుడు సిగ్నల్ తెగిందనో ప్రారబ్ధమనో చెప్పే సాకు అతనికి మిగలదు.