వాడని అప్పు పరిగ్రహమగునా?

శ్రావకుని అయిదవ అణువ్రతము పరిగ్రహ పరిమాణము. క్షేత్రము, వాస్తువు, హిరణ్యము, సువర్ణము, ధనము, ధాన్యము, దాసీదాసులు, కుప్యము అని మన శాస్త్రములందు పరిగ్రహమును లెక్కించి చెప్పియున్నారు. పొలము ఇంత, ఇండ్లు ఇన్ని, బంగారము ఇన్ని తులములు, రొక్కము ఇంత అని గృహస్థుడు తనకు తానే హద్దు గీచికొనును. ఆ హద్దు దాటిన దానిని ధర్మకార్యములకు వినియోగించును. ఐతే ఈ జాబితాలో చేరని వస్తువొకటి నేడు మన వర్తకుల జేబులలో ఉన్నది. అది క్రెడిట్ కార్డు. అది ధనము కాదు, ధాన్యము కాదు, బంగారము కాదు. అప్పు తీసికొనుటకు ముందుగా లభించిన అనుమతి మాత్రమే. వాడనంతవరకు అది అప్పు కూడ కాదు. ఇట్టి కార్డులు ఒక్కొక్కరి వద్ద నాలుగైదు ఉండి, వానిలో రెండు మూడు ఏండ్ల తరబడి వాడక పడియున్నప్పుడు, వానిని ఉంచుకొనవలెనా, మూసివేయవలెనా? ఇది గుమాస్తాను అడుగవలసిన ప్రశ్నయా, లేక వ్రతమునకు సంబంధించిన ప్రశ్నయా? ఇంటిలో పెద్దలును పిల్లలును కలిసి ఆలోచింపదగిన విషయమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తెలుగులో అప్పు పుట్టు శక్తికి పరపతి అని పేరు. బజారులో ఒకనికి పరపతి ఉన్నదనగా అతని మాటకు విలువ ఉన్నదని అర్థము. మన తిరువళ్ళూరు జిల్లాలోని తిరూరులో 1904లో, ఆ యేటి సహకార పరపతి సంఘముల చట్టము ననుసరించి, వ్యవసాయ పరపతి సంఘమొకటి ఏర్పడెను. దేశమునందు మొట్టమొదట వెలసిన అట్టి సంఘములలో అది ఒకటి. అట్టి సంఘములందు ఇచ్చువారును పుచ్చుకొనువారును ఇరుగుపొరుగువారే. అడుగుచున్నది విత్తనములకా, ఎడ్లకా, బావికా అన్నది ఊరందరికిని తెలియును. అవసరము ముందు పుట్టి, అప్పు దాని వెనుక వచ్చెడిది.

కార్డు వచ్చిన తరువాత ఈ వరుస తారుమారైనది. 1950లో న్యూయార్కు నగరమున డైనర్స్ క్లబ్ కార్డు మొదలైనది. మన దేశమునందు సెంట్రల్ బ్యాంకు 1980లో కార్డు నిచ్చినది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో ఆ మార్గమున ప్రవేశించినది. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనను, తెలుగువారికి కార్డును తొలుత పరిచయము చేసినవారిలో అది ఒకటి. ఇప్పుడు అప్పు ముందుగా వచ్చి జేబులో కూర్చుండును. అవసరము దాని వెనుక పుట్టును. ఈ చిన్న మార్పులోనే మన ప్రశ్న అంతయు ఇమిడియున్నది.

మొదట కార్డులను ఉంచుకొనవలెనను వారి వాదమును న్యాయముగా విందము. చదువుకొన్న మన పిల్లలు చెప్పునది ఇది. 2000 సంవత్సరమున సిబిల్ సంస్థ ఏర్పడినది. 2005లో ఇట్టి సంస్థలకు ప్రత్యేక చట్టము వచ్చినది. అవి ప్రతి మనిషి అప్పుల నడవడిని చూచి 300 మొదలు 900 వరకు ఒక అంకె వేయును. ఇంటి అప్పునకును, పిల్లల చదువు అప్పునకును బ్యాంకువారు ముందుగా ఆ అంకెనే చూతురు. ఒకనికి రెండు కార్డులున్నవనుకొందము. ఒకదానిపై 2 లక్షలు, రెండవదానిపై 3 లక్షలు, మొత్తము 5 లక్షల పరిమితి. నెలకు లక్ష రూపాయలు వాడుచున్నాడు. అనగా నూటికి 20 వంతులు. వాడని రెండవ కార్డును మూసినచో అదే లక్ష, 2 లక్షలలో నూటికి 50 వంతులగును. అతడు అదనముగా ఒక్క పైసయు ఖర్చుచేయలేదు. ఐనను అప్పుపై ఎక్కువగా ఆధారపడినవానివలె కనబడును. పాత కార్డును మూసినచో పాత పరిచయము కూడ కొంత తగ్గును. కావున వార్షిక రుసుము లేని కార్డు పెట్టెలో పడియున్నంత మాత్రమున నష్టమేమి, మూసినందువలన లాభమేమి అని వారి ప్రశ్న.

ఈ వాదము తీసివేయదగినది కాదు. గృహస్థునకు న్యాయార్జితమైన ధనమును కాపాడుకొనుట కూడ ధర్మమే. కుమార్తె చదువునకు తక్కువ వడ్డీకి అప్పు పుట్టవలసిన యేడు, తండ్రి తన వ్రతము పేర ఆమె దారికి అడ్డుపడుట మెచ్చదగిన పని కాదు.

ఐతే మనలో అప్పిచ్చు వ్యాపారము చేయు కుటుంబములు పెక్కు గలవు. ఋణదాత దృష్టి ఎట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. తాకట్టు లేకుండ మనము ముక్కుమొగము తెలియనివానికి పదివేలు ఈయము. అట్లుండగా ఒకరు మనకు తాకట్టు లేకుండ, సాక్షి లేకుండ, ఎందులకని యడుగకుండ 3 లక్షల వరకు వాడుకొమ్మని ఏల చెప్పుచున్నారు? బాకీ అంతయు గడువులోపల తీర్చినవానికి సరకు కొన్నందుకు వడ్డీ లేదు, నిజమే. కాని కనీసపు మొత్తము మాత్రమే కట్టి తక్కినది నిలుపువానికి పెక్కు కార్డులపై నెలకు నూటికి 3 రూపాయలకు పైగా వడ్డీ పడును. ఏడాదికి అది 36 రూపాయలకు పైగా. దానిపై 18 శాతము జి.ఎస్.టి. వేరు. బాకీ నిలిచినచో వడ్డీ కొనుగోలు చేసిన నాటినుండియే లెక్కకు వచ్చును. కార్డుతో నగదు తీసినచో గడువే లేదు. ఆ రోజు నుండియే వడ్డీ. అందరును పూర్తిగా తీర్చినచో ఋణదాతకు ఈ ఆదాయము లేదు. కావున పెట్టెలో నిద్రించు కార్డు మన దృష్టిలో నిద్రించుచున్నదే గాని, ఇచ్చినవాని దృష్టిలో ఎదురుచూచుచున్నది.

ఇక శాస్త్రదృష్టి. ఆచార్య ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమునందు పరిగ్రహమునకు మూర్ఛయే, అనగా వస్తువుపై గల మమకారమే, లక్షణమని నిర్ణయించిరి. ఈ గ్రంథము శ్వేతాంబరులకును దిగంబరులకును సమానముగా ప్రమాణము. దీనిని బట్టి ఒకరు ఇట్లనవచ్చును: ‘‘నాకు ఆ కార్డులపై మమకారమే లేదు. ఎక్కడ పెట్టితినో కూడ గుర్తు లేదు. అట్టిది పరిగ్రహమెట్లగును?’’

మమకారము లేనిచో మూసివేయుటకు చేయి ఏల వెనుదీయవలెను? ‘‘ఉండనిమ్ము, ఎప్పుడో పనికివచ్చును’’ అను మాటయే మమకారమునకు గుర్తు. పరిమితి 3 లక్షల నుండి 5 లక్షలకు పెంచెదమని బ్యాంకు వర్తమానము పంపినప్పుడు లోలోపల చిన్న గర్వము పొడసూపుచున్నదా లేదా, ఎవరికి వారు చూచుకొనవలెను. మనస్సు జారుడు వస్తువని పెద్దలకు తెలియును. అందుచేతనే గృహస్థుని వ్రతమును మనస్సునకు మాత్రమే విడిచిపెట్టక, తులములలోను రూపాయలలోను లెక్క కట్టుమనిరి.

ఉపాసకదశాంగ సూత్రమునందలి ఆనంద శ్రావకుని వృత్తాంతము మన వర్తకులందరికిని తెలిసినదే. వాణిజ్యగ్రామమున వసించు ఆనందుడు గొప్ప ధనవంతుడు. 4 కోట్ల సువర్ణము నిధిలోను, 4 కోట్లు వ్యాపారమునందును, 4 కోట్లు గృహసామగ్రిలోను ఉండెను. పదేసివేల గోవులు గల మందలు 4 ఉండెను. అతడు భగవాన్ మహావీరుని సన్నిధిని వ్రతములు స్వీకరించి, ఈ మేరకు మించినది నాకు వలదని హద్దు పెట్టుకొనెను. 500 నాగళ్ళు, దూరదేశములకు 500 బండ్లు, దగ్గర పనులకు 500 బండ్లు అని వానికి కూడ లెక్క చెప్పెను. ఆ హద్దు చిన్నది కాదు. ఆనందుడు బీదవాడు కాలేదు, వ్యాపారము మానలేదు. కాని ఆ హద్దును పెట్టినది రాజు కాదు, బజారు కాదు, ఋణదాత కాదు. ఆనందుడే. ఇచ్ఛకు తానే పరిమాణము నిర్ణయించుకొనుట వలననే ఈ వ్రతమునకు ఇచ్ఛా పరిమాణమను పేరు కూడ వచ్చినది.

ఇక్కడ మన ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. కార్డుపై కూడ ఒక హద్దు ఉన్నది. కాని అది మన ఇచ్ఛకు మనము పెట్టినది కాదు. మన చేత ఎంత అప్పు చేయింపవచ్చునని మరియొకరు వేసిన అంచనా. రొక్కమునకు 10 లక్షలని వ్రతము పట్టినవాడు, వేరొకరు నిర్ణయించిన 12 లక్షల అప్పు హద్దును జేబులో పెట్టుకొని తిరుగుచున్నచో, అతని వ్రతమునకు ఒక తలుపు వేసి మరియొక తలుపు తెరచినట్లు. ఆస్తికి పరిమాణము చెప్పి, అప్పు చేయు శక్తికి పరిమాణము చెప్పకపోవుట అసంపూర్ణ వ్రతమని నా నమ్మకము. కావున వాడినను వాడకున్నను, కార్డులన్నిటి పరిమితిని కూడి, ఆ మొత్తమును కూడ పరిగ్రహ పరిమాణములో చేర్చి లెక్కించుట యుక్తము.

అట్లని ఉన్న కార్డులన్నిటిని ఒక్కనాడు మూసి, నాకు కార్డే లేదని పదిమందిలో చెప్పికొనుట వ్రతము కాదు. అది మానకషాయము. మన పెరియపాళయమునందు ఆడి నెలలో భవానీ అమ్మవారి దర్శనమునకు చెన్నపట్నము నుండియు చుట్టుప్రక్కల ఊళ్ళ నుండియు జనము తండోపతండములుగా వచ్చును. ఆ రాకకు ముందే అంగడిలో సరకు నింపుకొనవలెను. సరకు అమ్మిన సొమ్ముతో గడువులోపల తీర్చు వర్తకునకు ఒక కార్డు న్యాయమైన పనిముట్టే. అర్ధరాత్రి ఆసుపత్రిలో రొక్కము కట్టవలసివచ్చునేమోనని ఒకటి ఉంచుకొనుటయు దోషము కాదు. దానిని కూడ మూసి, ఆపదలో బంధువుల ఇంటికి పోయి, వారి కూతురు పెండ్లికి దాచిన సొమ్మును అడిగినచో, మన త్యాగపు బరువు ఇతరుల నెత్తిన పెట్టినట్లగును. అది వారికి హింసయే.

మరి ఏది ఉంచవలెను, ఏది మూయవలెను? ప్రతి కార్డునకు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. మొదటిది: దీని ప్రయోజనమును ఒక్క మాటలో చెప్పగలనా? ప్రయోజనము లేనిదానిని పట్టుకొనియుండుట అనర్థదండమునకు దగ్గరి దారి. రెండవది: ఉంచుకొన్న కార్డుల పరిమితి మొత్తమును, కష్టము వచ్చినచో, ఒక్క నెలలో నా స్వంత సొమ్ముతో తీర్చగలనా? మూడవది: ఈ కార్డున్న సంగతి నా భార్యకును పిల్లలకును తెలియునా? ఇంటివారికి తెలియని కార్డు, యజమాని కన్నుమూసిన తరువాత ఆ ఇంటికి చిక్కులు తెచ్చిపెట్టును. ఈ మూడింటికిని జవాబున్నది ఉండవచ్చును. లేనిది మూయదగినది. ప్రయోజనముండి పరిమితి మాత్రము ఎక్కువైనచో, మూయనక్కరలేదు. తగ్గింపుమని బ్యాంకును కోరవచ్చును. వ్రతము పేరే పరిమాణము గనుక, ఈ మార్గము వ్రతమునకు మరింత దగ్గరైనది.

అంకె తగ్గునను భయమునకు కూడ జవాబు చెప్పవలెను. త్వరలో ఇంటి అప్పునకో చదువు అప్పునకో దరఖాస్తు పెట్టవలసియున్నచో, ఆ పని ముగిసిన తరువాత మూయవచ్చును. తగిన సమయము చూచుకొనుటలో దోషము లేదు. అట్టి పనియేమియు లేనప్పుడు అంకె కొంత తగ్గినచో తగ్గనిండు. బాకీలు గడువునకు తీర్చు అలవాటున్నవానికి అంకె మరల పెరుగును. కొంచెము నష్టము కూడ సహింపలేనివాడు వ్రతము పట్టనేల?

మూయు విధానము కూడ తెలిసియుండవలెను. కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేసినంత మాత్రమున ఖాతా మూతపడదు. రుసుములు పడుచునే యుండును. ముందుగా బాకీ అంతయు తీర్చవలెను. విద్యుత్తు, ఫోను, భీమా వంటివి ఆ కార్డు నుండి తమంతట తామే చెల్లునట్లు ఏర్పాటు చేసియున్నచో వానిని మార్చవలెను. పిదప బ్యాంకునకు మూసివేత కోరిక పంపవలెను. 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశములలో, బాకీ లేని కార్డును కోరిన 7 పనిదినములలోపల మూయవలెననియు, ఆలస్యమైనచో రోజునకు 500 రూపాయల చొప్పున ఖాతాదారునకు చెల్లింపవలెననియు నిర్ణయించిరి. ఏడాదికి పైబడి వాడని కార్డును, ముందుగా తెలియజేసి, 30 దినములలో జవాబు రానిచో బ్యాంకే మూయవచ్చుననియు అందులో ఉన్నది. ఐనను బ్యాంకు మూయువరకు వేచియుండుట వేరు, మనమే వద్దనుట వేరు. మొదటిది కాలము చేసిన పని, రెండవది త్యాగము. మూసినట్లు పత్రము పుచ్చుకొని, కొన్నాళ్ళకు సిబిల్ వంటి సంస్థల నివేదికలో ఆ ఖాతా మూతపడినట్లు ఎక్కినదో లేదో చూచుకొనవలెను. ఏడాదికొకసారి ఆ నివేదికను ఉచితముగా పొందు సదుపాయము 2016లో రిజర్వు బ్యాంకు కల్పించినది.

ఇందుకు తగిన దినమేది? భగవాన్ మహావీరుని నిర్వాణదినమైన దీపావళికి మనము పాత లెక్కలు ముగించి కొత్త పుస్తకములకు పూజ చేయుదుము. వీరనిర్వాణ సంవత్సరము ఆ మరునాడే మొదలగును. ఆ సమయమున ఇంటిల్లిపాది కూర్చుండి, బంగారము, రొక్కము, సరకు వ్రాసికొన్న పుటలోనే, ఇంటిలోని కార్డులెన్ని, వాని పరిమితి ఎంత, ప్రయోజనమేమి అని కూడ వ్రాసికొనుట మంచిది. కొత్తగా సంపాదనలోనికి వచ్చిన కుమారులు, కోడండ్రు ఈ లెక్కలో పాల్గొనినచో, పరిగ్రహ పరిమాణమన్నది తాతల కాలపు మాట కాదని వారికి తెలియును. ఎవరు ఎన్ని కార్డులు ఉంచుకొనవలెనో ఈ వ్యాసము చెప్పజాలదు. కాని ఆ సంఖ్యను బ్యాంకు కాక ఆ ఇంటివారే నిర్ణయించినచో వ్రతము నిలిచినట్లే.

జై జినేంద్ర.