కాగితము చూచి చదివిన మాట ఎవరిది?



మన పేటలలో ఎన్నికలు వచ్చినప్పుడు, జయంతులు వచ్చినప్పుడు, కొత్త రోడ్డుకో నీళ్ళ ట్యాంకుకో కొబ్బరికాయ కొట్టినప్పుడు చౌక్‌లో స్టేజి కట్టుట మామూలే. సాంచెలు ఆపి మగవారు, బీడీల చాట ప్రక్కన పెట్టి ఆడవారు వచ్చి కూర్చుందురు. సభ ముగిసి ఇండ్లకు పోవునప్పుడు జనులు చెప్పుకొను మాట ఒకటి ఉన్నది. "చూచి చదివినాడు, వానికేమి తెలుసు?" అని ఒకరిని తీసివేయుదురు. "కాగితం ముట్టకుండా గంటసేపు మాట్లాడినాడు, మనసులోని మాట చెప్పినాడు" అని మరొకరిని మెచ్చుకొందురు. ఈ తూకము సరియైనదేనా? వేరొకరు వ్రాసియిచ్చిన మాటను స్టేజి మీద చదివినవాడు అబద్ధికుడా? ఆ మాట ఎవరిది? దానికి జవాబు చెప్పవలసినవారు ఎవరు? ఓటు వేయువారము మనమే గనుక ఈ ప్రశ్న మనకు చిన్నది కాదు.

ముందుగా ప్రసంగము ఎట్లు తయారగునో చూతము. పెద్ద పదవులలో ఉన్నవారికి మాటలు వ్రాసియిచ్చువారు వేరుగా ఉందురు. శాఖల అధికారులు అంకెలు పంపుదురు. సహాయకులు వాటిని వాక్యములుగా కూర్చుదురు. సభ జరుగు ఊరి కార్యకర్తలు అక్కడి పెద్దల పేర్లు, అక్కడి భాషలో రెండు పలకరింపులు వ్రాసి అందింతురు. మన షోలాపురములో మరాఠీ, కన్నడము, తెలుగు మూడును వినబడును గనుక పలకరింపుల చీటీకి ఇక్కడ గిరాకీ ఎక్కువ. నాయకుడు "అందరికి నమస్కారం, బాగున్నారా" అనగానే చప్పట్లు మ్రోగును. ఆ చీటీలో తెలుగు మాట దేవనాగరి అక్షరములలో ఉన్నను వింతపడనక్కరలేదు. మరాఠీ మీడియములో చదివిన మన పిల్లలు కూడ తెలుగును ఆ అక్షరములలోనే వ్రాసుకొనుచున్నారు కదా! ప్రధానమంత్రిగా పనిచేసిన మన్మోహన్ సింగ్ గారు తమ హిందీ ప్రసంగములను ఉర్దూ లిపిలో వ్రాయించుకొని చదివేవారు. లిపి మారినంత మాత్రమున మాట అబద్ధము కాదు. అట్లే రెండు తెలుగు మాటలు పలికినంత మాత్రమున మనవాడైపోయినట్లు కాదు. పలకరింపు మర్యాద, మర్యాదను మర్యాదగానే తీసుకొనవలెను.

ఈ దినములలో కాగితము కూడ కనబడుట లేదు. టెలిప్రాంప్టర్ అను సాధనములో వాలుగా నిలిపిన గాజు పలకలు వక్తకు ఇరుప్రక్కల ఉండును. క్రింది తెర మీది అక్షరములు ఆ గాజులో ప్రతిఫలించి వక్తకు మాత్రమే కనబడును. మనకు ఉత్త గాజు కనబడును. ఆయన కుడికి, ఎడమకు తిరిగి చదువుచుండగా మన కండ్లలోనికి చూచి మాట్లాడుచున్నట్లు తోచును. ఇది నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో 1952లోనే మాజీ అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ తమ పార్టీ మహాసభలో దీనిని వాడినారు. కాబట్టి చేతిలో కాగితము లేకపోవుట మనసులోని మాటకు సాక్ష్యము కాదు. కంఠస్థము చేసిన వాని చేతిలో కూడ కాగితము ఉండదు.

మరి చూచి చదువుటలో దోషమే లేదా? ఉన్నది. 2011 ఫిబ్రవరిలో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో మన విదేశాంగ మంత్రి ఎస్. ఎం. కృష్ణ గారు తమ కాగితమునకు బదులు పోర్చుగల్ మంత్రిగారి కాగితమును చదువసాగినారు. పోర్చుగీసు భాష మాట్లాడు రెండు దేశములు అక్కడ కలిసికొన్నందుకు కలిగిన సంతోషము కూడ మన మంత్రిగారి నోట వచ్చినది. సుమారు మూడు నిమిషములు గడిచిన తరువాత మన రాయబారి హర్‌దీప్ సింగ్ పురి గారు సరిదిద్దినారు. ముందు చాలా కాగితములు ఉన్నందున అట్లు జరిగినదని మంత్రిగారు తరువాత చెప్పినారు. కాగితము మారుట ఎవరికైనను జరుగును. మూడు నిమిషముల వరకు తెలియకపోవుటయే ఆలోచింపదగినది.

దీని ప్రక్కన మరియొక సంగతి పెట్టి చూతము. 1993 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వైద్య సదుపాయములను గూర్చి తమ పార్లమెంటు ఎదుట ప్రసంగించుటకు నిలువబడగా, టెలిప్రాంప్టర్‌లో వేరొక పాత ప్రసంగము వచ్చినది. సరియైన ప్రతి వచ్చువరకు కొన్ని నిమిషములు ఆయన ఆగకుండ మాట్లాడినారు. విషయము తెలిసియున్నందున అది సాధ్యమైనది. ఇద్దరికిని వ్రాతప్రతి ఉన్నది. ఇద్దరికిని తప్పు ప్రతియే వచ్చినది. భేదము తయారీలో ఉన్నది.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలములో ప్రతి పాఠమునకు ముందుగా ప్రణాళిక వ్రాయవలసి యుండెను. పాఠము ఉద్దేశము, అడుగవలసిన ప్రశ్నలు, నల్లబల్ల మీది పని అన్నియు అందులో ఉండవలెను. తరగతిలో ఆ నోటుపుస్తకము చూచి చదివినవారికి మార్కులు తగ్గేవి. అసలు వ్రాయకుండ వచ్చినవారికి అంతకంటె ఎక్కువ తగ్గేవి. పిల్లవాడు లేచి "ఎందుకు?" అని అడిగినప్పుడు జవాబు చెప్పగలుగుటయే తయారీకి గుర్తని మాకు నేర్పినారు. నాయకులకు కూడ ఈ కొలత సరిపోవునని మా అభిప్రాయము.

వ్రాసిన మాటలో జీవము ఉండదని కొందరందురు. అది నిజము కాదు. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో జవహర్‌లాల్ నెహ్రూ గారు చేసిన ప్రసంగము ముందుగా వ్రాసికొన్నదే. 1948 జనవరి 30న గాంధీగారు హత్యకు గురియైన సాయంకాలము రేడియోలో ఆయన మాట్లాడినది అప్పటికప్పుడు వచ్చిన మాట. రెండును జనుల హృదయములలో నిలిచినవి. ఇక మన తెలుగువారిలో ఎన్. టి. రామారావు గారిని తలంచుకొందము. 1949 మొదలు సినిమాలలో ఇతరులు వ్రాసిన మాటలనే పలికిన కంఠము ఆయనది. ఆ కంఠముతోనే 1982లో చైతన్యరథము మీద ఊరూర తిరిగి మాట్లాడినారు. ఆ మాటతీరును మెచ్చుకొన్నవారు, ఎగతాళి చేసినవారు ఇరువురును ఉండిరి. అయితే కిలో 2 రూపాయల బియ్యము అన్న మాటను జనులు కొలిచినది కంఠముతో కాదు. 1983లో ఆయన అధికారమునకు వచ్చిన తరువాత రేషను దుకాణము ఎదుట సంచి పట్టుకొని కొలిచినారు.

ఇక "ఆ మాట ఎవరిది?" అను ప్రశ్నకు వత్తము. కొన్ని చోట్ల చదువువాడు వేరు, మాట సొంతదారు వేరు అని చట్టమే ఒప్పుకొనుచున్నది. శాసనసభలో గవర్నరు చేయు ప్రసంగమును మంత్రివర్గము తయారుచేయును, గవర్నరు చదువుదురు. 2023 జనవరిలో తమిళనాడు గవర్నరు ఆర్. ఎన్. రవి గారు అందులోని కొన్ని మాటలు విడిచిపెట్టగా, అచ్చు వేసిన ప్రతియే రికార్డులో ఉండవలెనని ముఖ్యమంత్రి స్టాలిన్ గారు తీర్మానము పెట్టినారు. 2024 జనవరి 25న కేరళ గవర్నరు ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ గారు చివరి పేరా మాత్రమే చదివి ముగించినారు. ఎవరు సరి, ఎవరు కాదు అని తేల్చుట మా పని కాదు. అక్కడ ఆ మాటలకు ఎవరిని నిలదీయవలెనో అందరికి తెలియును, అది మంత్రివర్గము. అయితే చౌక్‌లో స్టేజి ఎక్కి "నేను చేస్తాను" అని చదివిన నాయకునికి అట్టి చాటు లేదు. రేపు అడిగినప్పుడు "అది మా పి.ఏ. వ్రాసినాడు" అనుటకు వీలులేదు. ఎవరు వ్రాసినను, నోట పలికిన దినమే అది ఆయన మాట అయినది.

మన చాదర్ల పని చూడండి. డిజైను గీచువాడు వేరు. దానిని బట్టి జకార్డు అట్టలకు రంధ్రములు కొట్టువాడు వేరు. సాంచె మీద నేయువాడు ఆ అట్టలు చెప్పినట్లే నేయును. అందువలన ఆ నేత దొంగనేత అని ఎవరైనను అందురా? అనరు. కాని పోగు తెగినది చూడక నేసిన యెడల, షేటు అట్టలు కొట్టినవానిని పిలువడు, నేసినవానినే పిలుచును. ప్రసంగము వ్రాసియిచ్చినవాడు అట్టలు కొట్టినవాని వంటివాడు. చదివినవాడు నేసినవాని వంటివాడు.

వ్రాసిన మాటలో మరియొక మేలు కలదు. అది సాక్షిగా నిలుచును. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసి జనులకు చదివి వినిపించిన సంగతి మన సంఘములలో అందరు ఎరిగినదే. రాజు ఆ చుట్టను కోసి నిప్పులో వేసినాడు. అయినను అది తిరిగి వ్రాయబడెను. గాలిలో పలికిన మాటను "నేను అట్లు అనలేదు" అని తప్పించుకొనవచ్చును. వ్రాతను తప్పించుకొనుట కష్టము.

ఇది మన ఊరిలోనే చూచినాము. కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరిట కట్టిన 10,000 ఇండ్లను బీడీ కార్మికురాండ్రకు 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు అందజేసినారు. 2019 జనవరి 9న ప్రధాని నరేంద్ర మోదీ గారు ఇక్కడికి వచ్చి 30,000 ఇండ్లకు శంకుస్థాపన చేసినారు. 2024 జనవరి 19న తిరిగి వచ్చి, రేనగర్‌లో 15,000 ఇండ్లను నేత కార్మికులకు, బీడీ కార్మికులకు, చెత్త ఏరుకొనువారికి, డ్రైవర్లకు అప్పగించినారు. చిన్నతనములో తనకు ఇట్టి ఇల్లు ఉండియుంటే బాగుండునని చెప్పుచు ఆ దినమున ఆయన గొంతు గద్గదమైనది. అది లోపలి నుండి వచ్చినదా, ముందే అనుకొన్నదా అని వాదించువారు ఎప్పుడును ఉందురు. ఇతరుల హృదయమును మనము చదువలేము. అయితే 30,000 అను మాటను, 15,000 ఇండ్లను ప్రక్క ప్రక్కన పెట్టి చూడగలము. మొదటి మాట వ్రాతలో ఉన్నది గనుక మిగిలినవి ఎప్పుడు అని అడుగుటకు కూడ మనకు ఆధారమున్నది.

ఆ ఇండ్ల కొరకు సంవత్సరముల తరబడి పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు, మన తెలుగువాడు నర్సయ్య ఆడం మాస్టరు గారి సంగతి కూడ ఇక్కడ చెప్పవలెను. 2019 సభలో ఆయన ప్రధానిని మెచ్చుకొని మాట్లాడినందుకు సి.పి.ఎం. పార్టీ ఆయనను మూడు నెలలు కేంద్ర కమిటీ నుండి సస్పెండు చేసినది. పార్టీ చేసినది న్యాయమా, ఆయన మాట న్యాయమా అను విషయములో భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. కాని ఆయన చూచి చదివినారా, చూడక పలికినారా అని ఎవరును అడుగలేదు. పలికినవారు వెల చెల్లించినారు. అందుచేత అది ఆయన మాటయే అని తెలిసినది.

కాబట్టి మా మనవి ఇది. చేతిలో కాగితమున్నదని ఎవరిని తక్కువ చేయవద్దు. లేదని ఎవరిని నమ్మవద్దు. సభ ముగిసిన తరువాత ఆ కాగితము నకలు అడుగుడి. దొరకనిచో మన యువకులలో ఒకరు ఇచ్చిన మాటలను తేదీతో సహా వ్రాసి ఉంచవలెను. వీలైనచోట ఒక్క ప్రశ్న అడుగుడి: ఇది ఎప్పటికి, ఏ నిధులతో? దానికి ఆయన తిరిగి కాగితము వైపు చూచునా, మన వైపు చూచునా గమనించుడి. నాయకులకు తెలుగు మాటలు వ్రాసియిచ్చు మన పిల్లలకు కూడ ఒక మాట. పలకరింపు వ్రాయుడి, తప్పులేదు. జరుగదని మీకు తెలిసిన వాగ్దానమును మాత్రము వ్రాయకుడి. దానిని విని చప్పట్లు కొట్టువారు మీ తల్లిదండ్రులే.