చూపునిచ్చిన చేయి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఈపాటికి వేల కళ్లు కంప్యూటర్ తెరలకు అతుక్కుపోయి ఉంటాయి. చూపు విలువ తెలిసిన ఈ హైదరాబాద్‌లో ఒక దాతను తలచుకుందాం.

ఎల్.వి.ప్రసాద్ 1908లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు ఇంట పుట్టారు. సినిమా మీద మక్కువతో బొంబాయి చేరి, స్టూడియోల్లో చిన్నాచితకా పనులు చేశారు. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించారు. దర్శకుడై, నిర్మాతై, 1982కి ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు అమెరికా వదిలి వచ్చి కంటి వైద్య సంస్థ తలపెట్టినప్పుడు, ప్రసాద్ కుటుంబం బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆస్పత్రి మొదలైంది. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఎంత క్లిష్టమైన ఆపరేషనైనా ఉచితమే. శుక్లం తీసి కట్టు విప్పగానే మనవరాలి ముఖం తడిమి తడిమి చూసుకునే అవ్వకు ఆ దానం విలువ తెలుసు.

ఎకరాలు ఇవ్వలేకపోయినా మనకు కళ్లున్నాయి. మరణించిన ఆరు గంటల్లోపు తీసిన కార్నియాలు ఇద్దరికి చూపునివ్వగలవు. నేత్రదానానికి ఈరోజే పేరు నమోదు చేసుకోండి. ఆ మాట ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి.