నిద్రాభంగమూ కర్తవ్యమూ

నిద్రిస్తున్న మనిషిని అకారణంగా లేపరాదన్నది మన సమాజంలో అనాదిగా ఉన్న మర్యాద. నిద్రాభంగాన్ని పెద్దలు పాపాలలో ఒకటిగా లెక్కించారు. గృహస్థు కునుకు తీస్తున్నాడంటే, వచ్చిన చుట్టం సైతం అరుగు మీద కూర్చుని నిరీక్షించేవాడు. అయితే ఈ మర్యాదకు మినహాయింపులు కూడా అంతే ప్రాచీనమైనవి. ఇంటికి నిప్పంటుకున్నా, పురిటినొప్పులు మొదలైనా, చెరువుకు గండి పడినా ఎవరి తలుపైనా ఏ ఝామునైనా తట్టవచ్చు. కంప్యూటర్ యుగంలో ఈ మినహాయింపుల సరసన మరొకటి చేరింది. కార్యాలయంలో కంప్యూటర్ వ్యవస్థ స్తంభించినప్పుడు, దానిని సంరక్షించే ఉద్యోగి తలగడ పక్కనున్న ఫోను మోగుతుంది. ఆ పిలుపుకు లేచి తీరవలసిన ధర్మం అతనికి ఉన్నదా? ఉంటే, అతనిని లేపినవారికి మాత్రం ఏ ధర్మమూ లేదా?

దేశ రాజధాని ప్రాంతంలో ఈ పిలుపులలో కొన్ని నిజంగా చెరువుకు గండి పడినంతటివే. 2025 నవంబరు 6వ తేదీన ఢిల్లీ విమానాశ్రయంలోని ఆటోమేటిక్ మెసేజ్ స్విచింగ్ సిస్టమ్ మొరాయించింది. విమానాల ప్రయాణ ప్రణాళికలను కంట్రోలర్లకు తనంతట తాను అందజేసే వ్యవస్థ అది. రోజుకు దాదాపు 1,500 విమానాల రాకపోకలు జరిగే ఆ కేంద్రంలో ఒక్కొక్క ప్రణాళికను మనుషులే స్వయంగా నమోదు చేయవలసి వచ్చింది. అదనపు సిబ్బందిని నియోగించారు. హైదరాబాదు కేంద్రంగా గల ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నిపుణుల బృందం అక్కడే ఉండి పర్యవేక్షించింది. మరునాటికి వ్యవస్థ కోలుకున్నా, ఈలోగా 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. అంతకుముందు 2022 నవంబరు 23వ తేదీన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. రోగుల నమోదు మొదలు పరీక్షల నివేదికల దాకా చేతివ్రాతతో సాగించవలసి వచ్చింది. పరిస్థితి చక్కబడడానికి సుమారు రెండు వారాలు పట్టింది.

ఇటువంటి వేళ నిద్ర మానుకోవడంలో సందేహానికి తావు లేదు. ఆకాశంలో ఉన్న ప్రయాణికుడూ, చీటీ పట్టుకుని వరుసలో నిలిచిన రోగీ ఏ తప్పూ చేయనివారు. వారి క్షేమం ఒకరి మెలకువ మీద ఆధారపడినప్పుడు ఆ మెలకువ కర్తవ్యమే అవుతుంది.

కాని గురుగ్రామ్, నోయిడాల మేడలలో పనిచేసే ఇంజనీర్లకు వచ్చే పిలుపులన్నీ ఇటువంటివి కావు. న్యూయార్క్‌కూ ఢిల్లీకీ మధ్య కాలభేదం వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలంలో పదిన్నర గంటలు. అక్కడి పట్టపగలు ఇక్కడి నడిరేయి. సముద్రాల కావలి దుకాణంలో ఒక లెక్కల పట్టిక ఆలస్యమైనా, ప్రాణాలు నిలిపే యంత్రం ఆగినా ఇక్కడ మోగే ఫోనుకు స్వరభేదం లేదు. తారతమ్యం ఎరిగి ఉండవలసింది మోగించే మనిషి. తెల్లవారేదాకా ఆగితే ఎవరికి ఏ హాని కలుగుతుందన్న ప్రశ్నకు సమాధానం చెప్పగలిగినవానికే మరొకరిని లేపే అధికారం ఉండాలి. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాని కేకకు విలువ పోయినట్లే, చీటికిమాటికి మోగే ఫోనుకు కూడా విలువ పోతుంది. పైగా గాఢనిద్ర నుండి లేచిన మనిషి వివేకం పూర్తిగా మేలుకోవడానికి అరగంట వరకు పట్టవచ్చు. ఆ మత్తులో వేలు పొరపాటున నొక్కిన ఒక్క మీట అసలు ప్రమాదాన్ని మించిన ప్రమాదం తేవచ్చు.

జీతం తీసుకుంటున్నాడు, వంతుకు ఒప్పుకున్నాడు కనుక లేవవలసిందే అనేవారున్నారు. ఆ మాటలో కొంత సత్యం లేకపోలేదు. అయితే పూర్వపు పద్ధతి ఒకటి ఇక్కడ గమనింపదగినది. కాజీపేట, బెజవాడ వంటి రైల్వే కాలనీలలో అర్ధరాత్రి డ్రైవర్లను లేపడానికి కాల్ బాయ్ అనే ఉద్యోగి పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. ఏ బండి, ఏ వేళ అన్నది అందులో వ్రాసి ఉండేది; డ్రైవరు సంతకం చేసేవాడు. అంటే ఆ మేల్కొలుపుకు లెక్క ఉండేది. నేటి ఫోను పిలుపుకు చాలాచోట్ల ఆ పాటి లెక్క కూడా లేదు. రాత్రి మూడు గంటలకు లేచినవాడు ఉదయం తొమ్మిదికి యథాప్రకారం కార్యాలయంలో కనిపించవలసిందే. అతనితోపాటు ఉలిక్కిపడి లేచిన భార్యాబిడ్డల నిద్ర ఎవరి ఖాతాలోనూ పడదు.

రామాయణంలోని కుంభకర్ణుని వృత్తాంతం ఈ సందర్భంలో స్మరణీయం. లంకకు ఆపద వచ్చి అతనిని లేపారు. లేచిన కుంభకర్ణుడు మొదట కారణం అడిగాడు. ఆపద రావణుని అవివేకం వల్లనే వచ్చిందని నిష్కర్షగా చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, యుద్ధానికి వెళ్లాడు. కర్తవ్యం విమర్శను మింగలేదు. విమర్శ కర్తవ్యాన్ని తప్పించలేదు. నేటి కార్యాలయాలలో ఈ రెండింటిలో మొదటిది లోపిస్తున్నది. వ్యవస్థను నిలబెట్టిన ఇంజనీరును మరునాడు ప్రశంసిస్తారు. ఎందుకు పడిపోయిందన్న ప్రశ్న ఆ ప్రశంసలో కలిసిపోతుంది. అర్ధరాత్రి గండి పూడ్చినవానికి దండ వేస్తారు. వేసవిలో పూడిక తీసి గట్టు పటిష్ఠం చేసినవాని పేరు ఎవరికీ గుర్తుండదు. ఈ ఆదరణలోని అసమానతే గండ్లను పోషిస్తున్నది. తాను లేనిదే పని జరగదన్న తృప్తితో, తనకు తెలిసినది ఇతరులకు నేర్పని ఇంజనీరుకు కూడా ఇందులో భాగం ఉంది.

శాసనాలు కొంత రక్షణ ఇవ్వగలవు. ఫ్రాన్సులో 2017లోనూ, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులోనూ పనివేళల వెలుపల పిలుపును నిరాకరించే హక్కు అమలులోకి వచ్చింది. పిలుపుకు కారణమేమిటి, దానికి ప్రతిఫలం ఉన్నదా అన్నవి ఆస్ట్రేలియా చట్టం పరిశీలించే అంశాలలో ఉన్నాయి. మన లోక్‌సభలో 2025 డిసెంబరులో ఇటువంటి అనధికార బిల్లు ఒకటి ప్రవేశపెట్టబడింది. అయితే చట్టం ఫోనును ఆపగలదే గాని గట్టును పటిష్ఠం చేయలేదు. అది సంస్థ పగటివేళ చేయవలసిన పని.

ఆపదలో మనిషిని లేపడం అతని నుండి అప్పు పుచ్చుకోవడం వంటిది. విశ్రాంతి ఇవ్వడం, ప్రతిఫలం చెల్లించడం ఆ అప్పుకు వడ్డీ మాత్రమే. లోపాన్ని వెదికి సరిదిద్దినప్పుడే అసలు తీరుతుంది. అదే కారణంతో అదే ఇంట మళ్లీ ఫోను మోగిందంటే, మొదటి రాత్రి బాకీ ఇంకా మిగిలే ఉన్నదని అర్థం.