గాజుతొట్టిలోని బొమ్మిడాయి

మొన్న నొక మిత్రుని యింట గాజుతొట్టిలో బొమ్మిడాయిని జూచితిని; నిజమునకు, ఇసుకనుండి పొడుచుకొని వచ్చిన సన్నని మూతిని మాత్రమే చూచితిని. పామువలె నున్నను నిది మలుగు కాదు. వీపున ముండ్ల వరుస గలది. పగలెల్ల నిసుకలో దాగి, రాత్రి యెఱకై వెడలును. ఏటిలో 3 అడుగుల వరకును పెరుగగలదు. మిత్రుని తొట్టి పొడవు 2 అడుగులే. మూత కొంచెము తొలగిన నిట్టె జారిపోవునట. "ఇంత మేపినను విశ్వాసము లేదు" అని యాయన వాపోయెను.

బొమ్మిడాయి పులుసును మెచ్చువాడను నేను. దయను బోధించుట కర్హుడను గాను. అయినను, చంపి తినువాడు దానిని ప్రేమించితి ననడు. దాగుటయే స్వభావముగా గల ప్రాణిని జూచుటకై తెచ్చి, కనబడలేదని నొచ్చుకొనుట యెట్టి ప్రేమ? ఇసుక తీసివేసి గరుకురాళ్లు పోసినచో బయటనే యుండునని యాయన యాలోచన. వానిలో దూరబోయి యొడలు గీచికొనునని చెప్పితిని. ఇసుక నుంచుట కొప్పుకొనెను; పెద్దతొట్టి మాట యెత్తగా మాత్రము కాఫీ తెప్పించెను.